వార్నిష్ కింది ముఖం

పొద్దున తొమ్మిదిన్నర దాటితే తంగళ్ళపల్లిలో బొమ్మలకు చెమట పట్టడం మొదలవుతుంది. అప్పటికి పొయ్యి మీంచి అన్నం దిగి ఉంటుంది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయేవాళ్ళు సద్దిగిన్నెలు పట్టుకుని మానేరు వంతెన దాటి సిరిసిల్లకు చేరి ఉంటారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు చేతిలో పని పక్కన పెట్టి గోడకున్న బొమ్మ దగ్గరికి వెళతారు. మేకుకు వేలాడే పాత తువ్వాలతో మగని ముఖమో కొడుకు ముఖమో తుడుస్తారు. అక్కడ దుబాయిలోనో దోహాలోనో పని మొదలైందన్న మాట. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఇంకోసారి తుడవాలి. శుక్రవారం అక్కడ సెలవు కనుక బొమ్మలు పొడిగా ఉంటాయి. ఆ రోజు తువ్వాళ్ళు ఉతికి ఆరేస్తారు. ఉతికిన నీళ్ళు మాత్రం చెట్లకు పోయరు, ఉప్పుకు కరివేపాకు చెట్టయినా చస్తుంది.

చేత్తో గీసిన బొమ్మకే చెమట పడుతుంది, ఫోటోకు పట్టదు. అందుకే ఎన్ని కలర్ ల్యాబులు వచ్చినా, వీసా చేతికి వచ్చినవాడు విమానం ఎక్కేముందు సిరిసిల్ల వెళ్ళి లక్ష్మీరాజం దగ్గర బొమ్మ గీయించి ఇంట్లో పెట్టి పోతాడు. గంగవ్వ కొడుకు షార్జాలో ఏసీ ఆఫీసులో చాయ్ అందించే పని చేస్తాడు. వాడి బొమ్మకు ఏడాదికి నాలుగు చుక్కలు కూడా పట్టవు. తను తువ్వాలే పెట్టలేదని గంగవ్వ నల్లా దగ్గర రోజుకోసారి చెబుతుంది. మిగతా ఆడవాళ్ళు బిందెలు చప్పుడు చేసి ఆ మాట వినబడనట్టు నటిస్తారు.

లక్ష్మీరాజం ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల గోడలూ ఆయనవే. మన రాజ్యం వస్తుందని రాసిన గోడ మీదే సున్నం కొట్టి, వచ్చిందని రాశాడు. రెండు రాతలూ వానకు పోయాయి. తర్వాత ఫ్లెక్సీ మెషిన్లు దిగి ఆయన కుంచెల్ని డబ్బాలో పడేశాయి. ఆ మీదట చెయ్యి వణకడం మొదలయ్యాక బొమ్మలు గీసే పని కూతురు రజని తీసుకుంది.

తండ్రి నేర్పిన పద్ధతి సులువు. సాంచా మీది కోరా గుడ్డకు సుద్ద, తుమ్మజిగురు కలిపి పూయాలి. పాస్‌పోర్టు ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీయాలి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీయాలి, గడికి గడి చూసి దింపాలి. బుగ్గలకు గులాబీ రంగు, పెదాలకు కొంచెం ఎరుపు. మెడ కింద నల్లకోటు. ఆ కోటు కోరుట్లలో ఒక ఫోటో స్టూడియోది. మేకుకు వేలాడే ఆ ఒక్క కోటునే ఐదు మండలాల మగవాళ్ళు తలా ఐదు నిమిషాలు తొడుక్కుని పాస్‌పోర్టు ఫోటోలు దిగారు. రజని ఆ కోటును నాలుగు వందల సార్లయినా గీసి ఉంటుంది. బొత్తాల్లో రెండోది ఊడిపోయిన సంగతి ఆమెకు తెలుసు.

డిగ్రీ చదివి, లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ అయిపోగొట్టిన పిల్ల. అందరికీ ఒకటే కోటు, ఒకటే బుగ్గలు గీస్తుంటే ఆమెకు కడుపు మండేది. కూలీలను కూలీలుగా చూపించే ధైర్యం బొమ్మకు ఉండాలని, కళ ప్రజల కోసమని తండ్రితో వాదించేది. లక్ష్మీరాజం బీడీ ఆర్పి నవ్వేవాడు.

"ప్రజలు తెల్లగ గీయమంటున్నరు బిడ్డా" అనేవాడు.

ఆమె ప్రతి ఆదివారం వేములవాడ మీదుగా బస్సెక్కి జగిత్యాల పోవడం మొదలుపెట్టింది. అక్కడ శ్రీహరి సార్ ఉన్నాడు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. ఆయన దగ్గర విదేశీ చిత్రకారుల బొమ్మల పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంటుంది. గళ్ళు వద్దన్నాడు. ముఖాన్ని గీతలుగా కాక, వెలుగు పడే పలకలుగా చూడమన్నాడు. అవిసె నూనెలో రంగు కలిపి, పల్చటి పొర మీద పొర వేయడం చూపించాడు. చివర వార్నిష్ పూస్తే బొమ్మ వందేళ్ళు నిలుస్తుందని చెప్పి, తన దగ్గరున్న డబ్బా ఆమెకే ఇచ్చాడు. ఆ పుస్తకంలో రాజుల చర్మం బంగారంలా మెరిసేది. మా వాళ్ళ చర్మం ఎందుకు మెరవకూడదని రజని పట్టుబట్టింది. అందులో ఆమెకు న్యాయమే కనిపించింది తప్ప తప్పు కనిపించలేదు.

సిరిసిల్లలో సగం సాంచాలు ఆగిన ఏడాది అది. తంగళ్ళపల్లి ప్రకాశ్ ఆ ఏడాదే వీసా తెచ్చుకున్నాడు. అతని తండ్రి కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి చనిపోతే, చెట్టు వద్దని తల్లి వజ్రమ్మ కొడుకును సాంచా మీదికి పంపింది. ఇప్పుడు సాంచా కూడా వద్దంది కనుక కోరుట్ల ఏజెంటు దగ్గరికి పోయాడు. ఏజెంటు ఆఫీస్ బాయ్ పని అన్నాడు, పొద్దంతా ఏసీలోనే అన్నాడు. నవ్వుతూ చెప్పాడు, అలాంటివాళ్ళు నవ్వకుండా ఏదీ చెప్పరు.

ప్రకాశ్ దుకాణానికి ఫోటో తేలేదు.

"అక్కా, గా కోటు నాది కాదు. నన్ను సూసి గియ్యి" అన్నాడు.

"ఎంతసేపు కూసుంటవ్?"

"సాంచ బందున్నది. పొద్దూకెదాక కూసుంట."

ఎదురుగా మనిషి కూర్చుంటే గీయడం ఆమెకు అదే మొదటిసారి. నూనె రంగులు తీయకముందే, తండ్రి జిగురు రంగుల్లోంచి ఒక్క మట్టిరంగు తీసి, గళ్ళు లేకుండా గుడ్డ మీద ముఖం దింపేసింది. గంట కూడా పట్టలేదు. నల్లటి నుదురు, ఒక పక్కకు ఒరిగిన ముక్కు, రెప్పలు బరువైన కళ్ళు. పదేళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి కనుక కనుబొమల్లో నూలు నుసి తెల్లగా ఇరుక్కుని ఉంది. అది కూడా వేసింది. ఆ మీదట సార్ చెప్పినట్టు పొరలు మొదలుపెట్టింది. నుసి కప్పింది, ముక్కు సరిచేసింది, నుదుటి మీద బంగారు వెలుగు దింపింది. ఇరవై రోజులు ఆరనిచ్చి వార్నిష్ పూసింది.

బొమ్మ ఇంటికి చేరేసరికి ప్రకాశ్ విమానం ఎక్కేశాడు. వజ్రమ్మ దాన్ని భర్త బొమ్మ పక్కన పెట్టింది. చనిపోయినవాళ్ళ బొమ్మకు నుదుటి మీద బొట్టు పెడతారు కనుక ఆ బొమ్మకు కుంకుమ బొట్టుంది, ఈ బొమ్మకు లేదు. తేడా అంతే.

"నా కొడుకు దొర లెక్క కనబడుతున్నడు బిడ్డా" అని వజ్రమ్మ రజని చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

దొర బొమ్మకు చెమట పట్టలేదు. తొమ్మిదిన్నరకు వాడంతా తువ్వాళ్ళు తీస్తుంటే, ప్రకాశ్ భార్య భాగ్య బొమ్మ ముందు నిలబడి చూసేది, వేలితో బుగ్గ తాకి చూసేది. అద్దంలా పొడి. మూడో రోజు వజ్రమ్మ నల్లా దగ్గర గంగవ్వ పక్కకు పోయి నిలబడింది. తువ్వాల ఉతికి మడిచి పెట్టెలో పెట్టేసింది.

మొదటి ఫోన్‌లోనే ప్రకాశ్ బొమ్మ ఎలా ఉందని అడిగాడు.

"నిగనిగ మెరుస్తున్నవ్. ఒక్క చెమట సుక్క లేదు" అంది భాగ్య.

అవతల గాలి హోరు వినబడింది.

"గట్లనా" అన్నాడు. "అయితే మంచిదే. ఏసీల ఉన్న."

తర్వాత నెలకోసారి, రెండేసి నిమిషాలు మాట్లాడేవాడు. పని మెత్తగా ఉందని పొగరు పెరిగిందా, పెళ్ళాం యాదికి రాదా అని భాగ్య ఎగతాళి చేసేది. అతను నవ్వేవాడు. ఎనిమిదో నెలలో ఫోన్ ఆగిపోయింది.

నెల గడిచాక భాగ్య రజనిని తోడు తీసుకుని కోరుట్ల వెళ్ళింది. ఏజెంటు ఆఫీసు షట్టరుకు మొబైల్ రీచార్జి దుకాణం బోర్డు వేలాడుతోంది. అక్కడి నుంచి దరఖాస్తు రాసుకుని సర్కారు ఆఫీసులో ఇచ్చారు. మనిషి అక్కడ ఏ చిరునామాలో ఉన్నాడని అడిగారు. అదే కదా మేం అడిగేది అని రజని గొంతు పెంచింది. తను చదివిన మాటలన్నీ ఆ బల్ల మీద పోసింది, శ్రమ అంది, దోపిడీ అంది, రాజ్యం బాధ్యత అంది. గుమస్తా ఓపికగా విని, చిరునామా గడి ఖాళీగా ఉంటే కాగితం ముందుకు పోదన్నాడు.

రెండో నెల దాటాక సాగర్ వచ్చాడు. కోరుట్ల పిల్లవాడే, ప్రకాశ్ ఉన్న కంపెనీలోనే వేరే క్యాంపులో ఉండి తిరిగి వచ్చాడు. చాయ్ ముట్టుకోకుండా కూర్చుని చెప్పాడు. రెండు నెలల కిందట ప్రకాశ్‌ను ఒక బండి ఎక్కించి ఎడారి వైపు తీసుకుపోయారని విన్నాడు. గొర్రెల దగ్గరికట. ఎవరి గొర్రెలో, ఏ దిక్కో తెలియదు. చెబుతూ చెబుతూ గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"వదినా, బొమ్మ పొడిగున్నదేంది?"

"ఎప్పుడు గట్లనే ఉంటది."

"రెండు నెలలసంది ఎడారిల ఉన్నోనికి…" అన్నాడు సాగర్. చెప్పులు తొడుక్కుని తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

వజ్రమ్మకు మిగతా మాట అర్థమైంది. ఆ సాయంత్రం వాడలో అందరికీ అర్థమైంది. ఎండలో నిలబడ్డ మనిషికి చెమట పట్టడం లేదంటే దానికి ఒకటే కారణం. ముస్తాబాద్ నుంచి వజ్రమ్మ తమ్ముడు సమ్మయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ ఏ పనీ సగంలో ఉంచడం ఆయనకు నచ్చదు. దొరకని మనిషికి దినం చేయకపోతే వాడు ఇటూ అటూ కాకుండా తిరుగుతాడని చెప్పాడు. బొట్టు పెడదామన్నాడు. బొమ్మకు బొట్టు పెడితే భాగ్య బొట్టు తీయాలి, గాజులు తీయాలి, మెట్టెలు తీయాలి. ఆమెకు ఇరవై మూడేళ్ళు. గోడకు ఆనుకుని, గాజుల చేతుల్ని మోకాళ్ళ మధ్య దాచుకుని కూర్చుంది.

సోమవారం పొద్దున వజ్రమ్మ కుంకుమ తడిపి కొడుకు నుదుటి మీద పెట్టింది. కుంకుమ జారి ముక్కు మీదుగా కిందికి వచ్చింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. సమ్మయ్య పొడి కుంకుమ అద్ది చూశాడు, నేల మీద రాలింది. చివరికి బొమ్మను చీరలో చుట్టి, ముగ్గురూ ఆటో ఎక్కి సిరిసిల్ల దుకాణానికి వచ్చారు.

"బొట్టు నిలుస్తలేదు బిడ్డా" అంది వజ్రమ్మ. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. "నువ్వే రంగుతోని పెట్టు."

రజని కుంచె తీసింది. ఎరుపులో ముంచింది. బొమ్మను వెలుగుకు వంచి చూసింది. నుదుటి మీద కుంకుమ జారిన గీత కూడా లేదు, గాజు పలక మీంచి జారినట్టు జారింది. వేలితో గట్టిగా నొక్కింది. వేలి కింద ఏదో మెత్తగా కదిలింది, అరిచేతిలో నీటిబొబ్బలా. బుగ్గ మీద నొక్కింది. అక్కడా కదిలింది.

కుంచె పక్కన పెట్టింది.

"భాగ్యా" అంది. "పైనుంచి కుంకుమ లోపటికి పోతలేదు. మరి లోపటిది బయటికెట్ల ఒస్తది? నేను వార్నిష్ పూసిన. ముఖానికి మూత పెట్టిన."

లక్ష్మీరాజం లేచి, వణికే చేత్తోనే టర్పెంటైన్ సీసా మూత తిప్పి కూతురి ముందు పెట్టాడు. రజని సాంచాల దగ్గరి నూలు చెత్త గుప్పెడు తీసుకుని, తడిపి, గడ్డం దగ్గర రుద్దడం మొదలుపెట్టింది. మెరుపు జిగటగా లేచింది. బంగారు వెలుగు లేచింది. సరిచేసిన ముక్కు, గులాబీ బుగ్గలు, ఇరవై రోజులు కూర్చుని వేసిన పొరలన్నీ నూలుకు అంటుకుని వచ్చాయి. కింద జిగురు మట్టిరంగులో గంటలో దింపిన ముఖం మిగిలింది. ఒరిగిన ముక్కు, బరువు రెప్పలు, కనుబొమల్లో నూలు నుసి. ఆ నుసి దగ్గర గుడ్డ ఉబ్బి, తెగినట్టయి, చెమట ఒక్కసారి బయటికి వచ్చింది.

పది నెలల చెమట. బల్ల మీంచి కారి నేల మీదికి, నేల మీంచి గడప దాటి వీధిలోకి పారింది. ఎదురు దుకాణం మనిషి నీళ్ళు ఎవరు పోశారని తిట్టబోయి, వాసన తెలిసి ఊరుకున్నాడు. వజ్రమ్మ ఆ తడిలోనే కూర్చుండిపోయింది. ఒక్క రోజు కూడా కొడుకు ఏసీలో లేడు. దిగిన రోజు నుంచీ ఎండలోనే ఉన్నాడు, ఫోన్‌లో నవ్వుతూనే ఉన్నాడు.

"నేనన్న మాటకే ఊ కొట్టిండక్కా" అంది భాగ్య. "నేను చెమట లేదన్న. ఇగ ఆయనేం జెప్తడు?"

రజని చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న ఎక్కడా రాలేదు.

తడి ముఖానికి బొట్టు పెట్టరు కనుక బొమ్మను తిరిగి ఇంటికి తీసుకుపోయారు. అది మూడు రోజులు ఆగకుండా కారింది. ఒక తువ్వాల చాలక వాడవాళ్ళు తమ తువ్వాళ్ళు తెచ్చిచ్చారు. గంగవ్వ రెండు కొత్తవి తెచ్చి ఏమీ అనకుండా గడపలో పెట్టి పోయింది. ఇది పాత చెమటో కొత్త చెమటో ఎవరూ చెప్పలేరు. పాతదంతా పోయి ఆగిపోతే ఏమనుకోవాలన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

బుధవారం శ్రీహరి సార్ జగిత్యాల నుంచి వచ్చాడు. బొమ్మ ముందు అరగంట కూర్చున్నాడు. ఆ మట్టిరంగులో ఏం కలిపావని రజనిని అడిగాడు. ఎర్రమట్టి, తుమ్మజిగురు, కొంచెం పొయ్యి మసి అని చెప్పింది. ఆయన జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. పోతూ పోతూ దుకాణంలో దిగి వార్నిష్ డబ్బా సంచిలో వేసుకుని తీసుకుపోయాడు.

గురువారం పొద్దు వాలేసరికి కారడం ఆగింది. గుడ్డ ఆరి, బుగ్గల మీద తెల్లగా ఉప్పు మిగిలింది. సమ్మయ్య బొమ్మను తాకి చూసి, ఉన్నదంతా అయిపోయిందన్నాడు. మరుసటి రోజు శుక్రవారం, ఆ రోజు ఆడపిల్ల ఒంటి మీంచి గాజులు తీయకూడదు కనుక శనివారం చేద్దామన్నాడు. వజ్రమ్మ తల ఊపింది. భాగ్య లేచి వెళ్ళి అరువు తెచ్చిన తువ్వాళ్ళన్నీ నానబెట్టింది.

శుక్రవారం వాడలో ఎవరూ బొమ్మల వైపు చూడరు. దండేల మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. రజని మాత్రం తట్టుకోలేక వచ్చింది, తడికి గుడ్డ సాగి ఉంటుంది, మేకులు బిగించి పోతానని సాకు చెప్పింది. సుత్తి పట్టుకుని బొమ్మ ముందు నిలబడి, అలాగే ఉండిపోయింది.

కనుబొమలో, నూలు నుసి మధ్య ఒక చుక్క ఉంది. ఆమె చూస్తుండగానే అది లావయి, కిందికి జారి, ఉప్పు మీద నల్లటి దారి చేసుకుంటూ చెంప దాకా వచ్చింది. అది వచ్చిన చోట ఇంకోటి పుట్టింది.

"భాగ్యా" అని పిలిచింది మెల్లగా.

భాగ్య తడి చేతులతోనే వచ్చింది. చూసింది. గుమ్మంలోకి పోయి ఎదురింటి గోడ చూసింది, పక్కింట్లోకి తొంగి చూసింది. గల్ఫ్‌లో ఉన్న మగవాళ్ళందరి ముఖాలూ పొడిగా, సెలవు మీద ఉన్నాయి. తిరిగి వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"బతికున్నడు" అంది. ఆ మాట అన్నాక గానీ రెండో సంగతి ఆమెకు తట్టలేదు.

ఆ సంగతి వజ్రమ్మే అంది. "సుక్కురారం గూడ ఇడిసిపెడ్తలేరు వాన్ని."

వరండాలో సమ్మయ్య రేపటి కోసం తెచ్చిన సామాను తిరిగి సంచిలో సర్దుకున్నాడు. మేనల్లుడి భార్య గాజుల వైపు ఒకసారి చూసి, మళ్ళీ వస్తానని అక్కకు చెప్పి, ముస్తాబాద్ ఆటో కోసం రోడ్డెక్కాడు.

శుక్రవారం లేని ఆ చోటు ఏ దేశపు ఎడారిలో ఉందో, అక్కడికి ఎవరు పోతారో, ఏ కాగితంలో ఏ గడి నింపితే మనిషిని విడుస్తారో ముగ్గురు ఆడవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. సోమవారం మళ్ళీ దరఖాస్తు రాస్తానంది రజని. చిరునామా గడిలో ఏం రాయాలో ఆమెకే తెలియదు. ముఖంలో ఇంకేం దిద్దాలో చూసింది. దిద్దడానికి ఏమీ లేదు. ఇక మీదట గీసే ప్రతి ముఖమూ ఇలాగే, గుడ్డకు గాలి ఆడేలా, ఒక్క పొరలో గీయాలని మాత్రం తెలిసింది. అది తెలుసుకోవడానికి ఇచ్చిన వెల తనది కాదు.

భాగ్య ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌ను ఎత్తి తెచ్చి బొమ్మకు ఎదురుగా స్టూలు మీద పెట్టి, మూడో నంబరు మీద తిప్పింది. కనుబొమ మీది చుక్క గాలికి పక్కకు వణికింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ నేల మీద కూర్చుని చూశారు. పదకొండింటికి ఎప్పటిలాగే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి.

భాగ్య లేచింది. దూలానికి దోపిన తాటాకు విసనకర్ర తీసుకుని, బొమ్మ ముందు నిలబడి విసరసాగింది. గాజులు గలగలమన్నాయి. చెయ్యి నొప్పి పెట్టినప్పుడు వజ్రమ్మ అందుకుంది. వజ్రమ్మ తర్వాత రజని అందుకుంది.